నమలని నోరు, కొండంత ఒళ్లు: గోదావరి లోయ డైనోసార్లు చెప్పే లెక్క

క్లుప్తంగా: కోటాసారస్, బారాపాసారస్ అనేవి ప్రాణహిత–గోదావరి లోయలో దొరికిన శాకాహార డైనోసార్లు. చిన్న తల, పొడుగు మెడ, స్తంభాల్లాంటి నాలుగు కాళ్లు ఉండే సారోపాడ్ అనే గుంపులో ఇవి తొలితరానివి. ఇదే గుంపులో తర్వాత వచ్చిన కొన్ని జంతువులు 50 టన్నులు దాటాయి. మేతను నమలకుండా మింగడం, ఒంట్లో గాలి తిత్తులు ఉండటం, చిన్న గుడ్లు చాలా పెట్టడం అందుకు తోడ్పడ్డాయి. ఈ మార్పులు సగం దారిలో ఉన్నప్పుడు ఎలా ఉండేవో గోదావరి లోయ రాళ్లలో కనిపిస్తుంది.

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం పొడవు 44 అడుగులని చెబుతారు. డైనోసార్ల పుస్తకాలు తిరగేస్తే అదే జంతువుకు 9 మీటర్లు, అంటే దాదాపు 30 అడుగులని ఉంటుంది. వయసు దగ్గరా ఇదే తంటా. ఒకచోట 16 కోట్ల ఏళ్లు, ఇంకోచోట 18 కోట్ల ఏళ్లు. పిల్లల చేత ప్రాజెక్టు వర్క్ చేయించే తల్లిదండ్రులకు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. ఏది రాయాలి? ఈ అంకెలు ఎలా పుడతాయో తెలిస్తే ఆ తికమక చాలావరకు తీరిపోతుంది.

గోదావరి లోయలోనే ఎందుకు

హైదరాబాద్ చుట్టూ ఎంత తవ్వినా డైనోసార్ ఎముక దొరకదు. అక్కడున్న గ్రానైట్ భూమి లోపల కరిగిన రాయి నెమ్మదిగా చల్లారి గట్టిపడినది. పైగా దాని వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. డైనోసార్లు పుట్టింది 23 కోట్ల ఏళ్ల కిందటే కాబట్టి ఆ రాయిలో వాటి జాడ ఉండే వీలే లేదు.

ఎముక రాయిగా మారాలంటే జంతువు చచ్చిన కొద్దికాలానికే దాన్ని బురదో ఇసుకో కప్పేయాలి. గోదావరి లోయలో ఆ పని కోట్ల ఏళ్లపాటు జరిగింది. ఇండియా అప్పుడు ఆఫ్రికా, మడగాస్కర్, అంటార్కిటికా, ఆస్ట్రేలియాలతో కలిసి గోండ్వానా అనే పెద్ద భూభాగంలో ఉండేది. ఆ నేల ఇక్కడ పొడవుగా చీలి, మధ్య భాగం మెల్లమెల్లగా కుంగుతూ వచ్చింది. కుంగిన చోటికి నదులు ఇసుక, ఒండ్రు తెచ్చి పోశాయి. సింగరేణి బొగ్గు ఈ లోయదే, కాకపోతే అది డైనోసార్ల కంటే పాత కాలపు అడవుల నుంచి వచ్చింది కాబట్టి అడుగు పొరల్లో ఉంటుంది. దాని పైన మలేరి, ధర్మారం, కోటా అనే పేర్లతో పిలిచే పొరలు వరుసగా వస్తాయి. ఈ పేర్లన్నీ ఆ ప్రాంతపు ఊళ్లవే.

ఈ వరుస చాలా విలువైనది. కింది పొరల్లో నంబాలియా, జక్లపల్లిసారస్ అనే చిన్నపాటి శాకాహారులు దొరికాయి. 2011లో వీటికి పేర్లు పెట్టారు. ధర్మారం పొరల పైభాగంలో లాంప్లుసారా అనే సుమారు 10 మీటర్ల జంతువు కనిపించింది. 2007లో దీన్ని ప్రపంచానికి పరిచయం చేశారు. ఇంకా పైకి వస్తే కోటా పొరల్లో అసలైన సారోపాడ్లు ఉన్నాయి. ఇవి ఒకదాని కడుపున ఒకటి పుట్టినవని అనుకోకూడదు, అన్నీ ఒకే పెద్ద కుటుంబంలోని వేర్వేరు కొమ్మలు. అయినా ఒకే లోయలో చిన్నవి కింద, పెద్దవి పైన ఇలా దొరకడం ఎక్కడపడితే అక్కడ జరిగేది కాదు.

రెండు జంతువులు

కోటా అనేది ప్రాణహిత ఒడ్డున, ఇప్పటి మహారాష్ట్ర వైపున్న ఊరు. అక్కడి సున్నపురాళ్లలో చేపల శిలాజాలు ఉన్నాయని 19వ శతాబ్దం నడిమికే తెలుసు. పెద్ద జంతువుల కోసం వెతుకులాట మాత్రం 1950ల చివర్లో ఊపందుకుంది. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించిన మహలనోబిస్, పమేలా లాంప్లూ రాబిన్‌సన్ అనే బ్రిటిష్ శిలాజ శాస్త్రవేత్తను పిలిపించారు. గణాంకాల సంస్థకు డైనోసార్లతో పనేమిటని అనిపించవచ్చు. మహలనోబిస్‌కు మాత్రం కొలిచి లెక్కపెట్టగలిగేదేదైనా తన సంస్థ పనే. పైన చెప్పిన లాంప్లుసారాకు ఆ పేరు ఈ రాబిన్‌సన్ వల్లే వచ్చింది.

మహారాష్ట్రలోని సిరొంచ ప్రాంతంలో పోచంపల్లి దగ్గర ఆ సంస్థ బృందం సుమారు 300 ఎముకలు వెలికితీసింది. చేనేతకు పేరుపడ్డ పోచంపల్లి వేరు, ఇది వేరు. ఆ ఎముకలు కనీసం ఆరు జంతువులవి. అందులో ఒక తొడ ఎముకే 1.7 మీటర్లు, అంటే ఎదిగిన మనిషి ఎత్తు. తవ్వకాలు జోరుగా సాగిన 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సంవత్సరం. అందుకే 1975లో ఈ జంతువుకు ‘బారాపాసారస్ టాగోరీ’ అని పేరు పెట్టారు. ఎముకలతో పాటు అక్కడ రాయిగా మారిన పెద్ద చెట్ల మానులు కూడా ఉన్నాయి. ఒక మందను భారీ వరద ముంచేసి ఉంటుందని పరిశోధకుల అభిప్రాయం. వీటి అస్థిపంజరం కోల్‌కతాలో ఆ సంస్థ మ్యూజియంలోనే ఉంది.

కోటాసారస్ తెలంగాణ వైపు, అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికింది. ఈసారి తవ్వింది జియోలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా. 2,400 చదరపు మీటర్ల స్థలంలో 840 దాకా ఎముకలు బయటపడ్డాయి. అవి కనీసం 12 జంతువులవి. సర్వేకు చెందిన పి. యాదగిరి 1988లో దీనికి ‘కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. హైదరాబాద్ మ్యూజియంలో నిలబడి ఉన్నది ఇదే.

30 అడుగులా, 44 అడుగులా?

ఒకే జంతువు ఎముకలన్నీ ఒకేచోట, వరుస చెదరకుండా దొరకడం అరుదు. కోటాసారస్ విషయంలో పన్నెండు జంతువుల ఎముకలు కలిసిపోయి ఉన్నాయి. వాటిలో పెద్దవీ ఉంటాయి, ఇంకా ఎదుగుతున్నవీ ఉంటాయి. నిలబెట్టేటప్పుడు ఒకదాని కాలు, ఇంకోదాని వెన్ను తీసుకోక తప్పదు. దొరకని వాటిని అచ్చుపోసి చేర్చాలి. మెడలో, తోకలో ఎన్ని పూసలు ఉండేవో దగ్గరి జంతువులను చూసి ఊహించాలి. తోక చివర నాలుగు పూసలు అటూ ఇటూ అయితే పొడవు మారిపోతుంది. అందుకే మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరం పొడవు వేరు, ఆ జాతి జంతువు సగటున ఎంత ఉండేదన్న అంచనా వేరు. ప్రాజెక్టు వర్క్‌లో రెండూ రాసి, ఏది దేని కొలతో చెప్పడమే సరైన పని.

పొడవులో తేడా చిన్నదిగా కనిపించినా బరువు దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఒక జంతువు అదే ఆకారంలో రెండింతలు పెద్దదైతే దాని పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెండింతలవుతాయి. అంటే బరువు 8 రెట్లు. ఒకటిన్నర రెట్లు పెరిగితేనే బరువు మూడు రెట్లు దాటుతుంది. 30 అడుగులకూ 44 అడుగులకూ ఉన్న తేడా దాదాపు అంతే! కోటాసారస్ బరువుకు తరచూ చెప్పే అంచనా రెండున్నర టన్నులు, అది 9 మీటర్ల లెక్కకు సంబంధించింది. 12 నుంచి 14 మీటర్లు ఉండే బారాపాసారస్‌కు 7 టన్నుల దాకా చెబుతారు. మన ఏనుగు నాలుగైదు టన్నులు తూగుతుంది. అంటే కోటాసారస్ పొడవులో ఏనుగును దాటినా, ఈ అంచనా ప్రకారం బరువులో దాటలేదు.

అంకెల మీద మరీ నమ్మకం పెట్టుకోకూడదని చెప్పే ఉదాహరణ తమిళనాడులో ఉంది. అరియలూరు దగ్గర కల్లమేడులో దొరికిన బృహత్కాయోసారస్‌ను 1980ల చివర్లో పరిచయం చేసినవారిలో యాదగిరి ఒకరు. మొదట దాన్ని మాంసాహారి అనుకున్నారు. తర్వాత అది సారోపాడ్ అని తేలింది. కాలి ఎముక 2 మీటర్లని రాశారు. దాన్ని బట్టి కొందరు 100 టన్నులకు మించిన బరువు లెక్క కట్టారు. కానీ ఆ ఎముకలు గుల్లబారి పొడైపోయాయి, మళ్లీ కొలిచి చూసే అవకాశం లేదు. ‘ప్రపంచంలోనే అతి పెద్ద డైనోసార్ మనదే’ అనే వార్తలు చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

వయసు తేడా కూడా ఇలాంటిదే. రాళ్ల మధ్య అగ్నిపర్వతాల బూడిద ఉంటే వయసు నేరుగా కొలవొచ్చు. లేనప్పుడు అదే పొరలోని చేపలు, చిన్న జీవులు, పుప్పొడి ఏ కాలానివో చూసి తేల్చుకోవాలి. కోటా రాళ్లను తొలి జురాసిక్ కాలానివని కొందరు, మధ్య జురాసిక్‌వని కొందరు అంటారు. సుమారు 17 నుంచి 19 కోట్ల ఏళ్ల మధ్య అని రాస్తే పెద్దగా పేచీ ఉండదు.

నమిలితే తల పెరుగుతుంది

ఏనుగు రోజుకు పదహారు గంటల దాకా తింటూనే ఉంటుంది. తిన్నదంతా నమలాలి. నమలడానికి ఇటుకల్లాంటి పళ్లు, వాటిని కదిపే పెద్ద కండరాలు, వాటికి ఆసరాగా బరువైన తల కావాలి. అంత తలను పొడుగు మెడ చివర పెట్టి మోయడం కుదరదు. అందుకే ఏనుగుకు మెడ పొట్టి. ఆ లోటు తీర్చడానికి తొండం ఉంది.

సారోపాడ్లు ఈ చిక్కును మొదట్లోనే తప్పించుకున్నాయి. అవి నమల్లేదు. పళ్లు కొమ్మను పట్టుకుని ఆకు దూయడానికి, కొరకడానికి మాత్రమే. బారాపాసారస్ పళ్లు గరిటె ఆకారంలో, అంచుకు గరుకు నొక్కులతో ఉంటాయి. అరిగిన పళ్లు రాలిపోయి కొత్తవి వచ్చేవి. తర్వాతి కాలపు డిప్లొడోకస్ అనే సారోపాడ్‌లో నెల రోజులు కాస్త దాటగానే ఒక పన్ను పోయి ఇంకోటి వచ్చేదని పళ్లలోని సన్నటి గీతలు లెక్కపెట్టి చెప్పారు. నమలనప్పుడు దవడ కండరాలు పెద్దగా అక్కర్లేదు. తల చిన్నదైతే మెడ సాగొచ్చు. మెడ సాగితే ఒళ్లు కదపకుండానే చుట్టూ ఉన్న మేత అందుతుంది. గబగబా మింగితే తక్కువ సమయంలో ఎక్కువ తినొచ్చు. ఒక చిన్న మార్పు ఇన్ని మార్పులకు దారి తీసింది.

మరి నమలని ఆకు అరిగేదెలా? ఆ పని కడుపులోని సూక్ష్మజీవులది. ఇడ్లీ పిండి చిన్న గిన్నెలో కంటే పెద్ద గిన్నెలో వెచ్చదనం నిలుపుకుని బాగా పులిసినట్టే, పెద్ద పొట్టలో ఆకు రోజుల తరబడి నిలిచి పులిసేది. ఒళ్లు పెరిగేకొద్దీ పొట్ట పెరుగుతుంది, మేత లోపల ఉండే కాలం పెరుగుతుంది, నాసిరకం ఆకు నుంచి కూడా సత్తువ దొరుకుతుంది. అంటే పెద్దగా ఉండటం వల్ల ఆకలి పెరిగినా, ఆ ఆకలి తీర్చుకునే శక్తీ పెరిగింది.

ఇదంతా ఎముకలను చూసి కట్టిన ఊహేనా అని అడగొచ్చు. చాలాకాలం అంతే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2017లో దొరికిన డయమంటినాసారస్ అనే సారోపాడ్ పొట్ట ఉండే చోట, రాయిగా మారిన మేత ముద్ద కనిపించింది. ఆ వివరాలు 2025లో వెలువడ్డాయి. ఆకులు, కాయలు కొరికినట్టు ఉన్నాయి తప్ప నమిలిన జాడ లేదు. సారోపాడ్ కడుపులోని మేతను నేరుగా చూడటం అదే మొదలు.

గడ్డి లేని రోజుల్లో మేత

జురాసిక్ కాలపు బొమ్మల్లో పచ్చగడ్డి మైదానాలు గీస్తే అది తప్పు. అప్పటికి గడ్డి లేదు, పూలు పూసే చెట్లూ లేవు. ఫెర్న్‌లు, ఈత మొక్కలా కనిపించే సైకాడ్‌లు, గింక్గోలు, పైన్ కుటుంబానికి దగ్గరి అరౌకేరియా వంటి చెట్లు ఉండేవి. మన ఇళ్ల ముందు కుండీల్లో ‘క్రిస్మస్ ట్రీ’ అని పెంచే అంతస్తుల మొక్క అరౌకేరియానే. ఇలాంటి చెట్ల ఆకులను ప్రయోగశాలలో సూక్ష్మజీవులతో పులియబెట్టి చూస్తే, అవి అనుకున్నంత పనికిమాలినవి కావని, కాలం ఇస్తే బాగానే శక్తినిస్తాయని తేలింది.

మన దగ్గర గడ్డి జాడ డైనోసార్ల చివరి రోజుల్లో కనిపిస్తుంది. మహారాష్ట్రలోని పిస్‌దురలో దొరికిన శిలాజ పేడలో వందనా ప్రసాద్ బృందం 2005లో గడ్డి జాతి మొక్కల సూక్ష్మమైన సిలికా రేణువులను గుర్తించింది. ఆ పేడ టైటనోసార్లనే సారోపాడ్లదని భావిస్తున్నారు. తర్వాతి పరిశోధనలో వరికి దగ్గరి బంధువుల జాడ కూడా దొరికింది. వరి కుటుంబపు మొక్కలను మనుషుల కంటే ముందే డైనోసార్లు మేశాయన్నమాట.

పొడుగు మెడకు ఊపిరి చిక్కు

పొడుగాటి గొట్టం నోట్లో పెట్టుకుని ఊపిరి పీలిస్తే, వదిలిన గాలే మళ్లీ లోపలికి వస్తుంది. మీటర్ల కొద్దీ మెడ ఉన్న జంతువుకు ఇదే ఇబ్బంది. పక్షుల ఒంట్లో దీనికి జవాబు ఉంది. ఊపిరితిత్తులకు తోడు గాలి తిత్తులు ఉండి, కొత్త గాలి ఊపిరితిత్తుల గుండా ఒకే దిక్కులో సాగేలా చూస్తాయి. సారోపాడ్లలోనూ అలాంటి తిత్తులు ఉండేవని వెన్నుపూసల్లోని గుంటలు, బోలు గదులు చెబుతున్నాయి. తిత్తులు ఎముకలోకి చొచ్చుకుపోవడంతో మెడ తేలికైంది కూడా. చైనాలో దొరికిన మామెంచిసారస్ మెడ ఒక్కటే 15 మీటర్లని అంచనా. గట్టి ఎముకలతో అది అసాధ్యం.

గోదావరి లోయ జంతువుల ప్రత్యేకత ఇక్కడే బయటపడుతుంది. కోటాసారస్ వెన్నుపూసలు దాదాపు గట్టిగానే ఉన్నాయి. బారాపాసారస్‌లో లోతు తక్కువ గుంటలు, పూస పైభాగంలో కొంత బోలుతనం కనిపిస్తాయి. తర్వాతి వాటిలో కనిపించే తేనెపట్టు లాంటి నిర్మాణం వీటిలో ఇంకా రాలేదు. స్తంభాల్లాంటి కాళ్లు, నాలుగు కాళ్ల నడక, ఆకు దూసే పళ్లు మాత్రం అప్పటికే వచ్చేశాయి. భారీ శరీరానికి కావలసిన సరంజామా అంతా ఒకేసారి రాలేదనీ, కాళ్లు ముందు, బోలు వెన్ను తర్వాత అనీ ఈ రెండింటిని పక్కపక్కన పెడితే తెలుస్తుంది. వీటి తల ఎలా ఉండేదో తేల్చడం మాత్రం కష్టం. పుర్రె ఎముకలు పలచనివి, మెడకు బలహీనంగా అతుక్కుని ఉండేవి. రెండు జంతువులకూ విడి పళ్లే దొరికాయి. అస్థిపంజరాలకు పెట్టిన తలలు దగ్గరి జాతులను చూసి చేసినవి.

పాత బొమ్మల్లో ఇవి మెడ దాకా నీళ్లలో మునిగి ఉంటాయి, అంత బరువు నేల మీద మోయలేవనుకునేవారు. 1951లో కెర్మాక్ అనే శాస్త్రవేత్త ఈ వాదంలోని లోపం చూపించారు. అంత లోతులో నీటి ఒత్తిడికి ఛాతీ విచ్చుకోదు, ఊపిరే ఆడదు. నిటారు కాళ్లు నేల మీద నడకకు చేసినవే.

చిన్న గుడ్డు, పెద్ద జంతువు

ఏనుగు 22 నెలలు మోసి ఒక్క గున్నను కంటుంది. ఒళ్లు ఇంకా పెరిగితే ఈ కాలం ఇంకా సాగి, కరువో రోగమో వచ్చి సంఖ్య తగ్గినప్పుడు కోలుకోవడం కష్టమవుతుంది. క్షీరదాలు నేల మీద సారోపాడ్లంత పెరగకపోవడానికి ఇది ఒక బలమైన కారణం.

సారోపాడ్లు గుడ్లు పెట్టి వదిలేసేవి. మధ్యప్రదేశ్‌లోని ధార్ జిల్లాలో 92 గూళ్లు, 256 గుడ్లు దొరికినట్టు 2023లో ప్రకటించారు. టైటనోసార్లవైన ఆ గుడ్ల అడ్డుకొలత 15 నుంచి 17 సెంటీమీటర్లే. గుడ్డు పెద్దదయ్యేకొద్దీ పెంకూ మందంగా ఉండాలి, అది మరీ మందమైతే లోపలి పిల్లకు గాలి అందదు కాబట్టి గుడ్డు సైజుకు హద్దు ఉంటుంది. మడగాస్కర్‌లో దొరికిన రాపెటోసారస్ అనే సారోపాడ్ పిల్ల పుట్టినప్పుడు మూడు నాలుగు కిలోలే ఉండి, కొన్ని వారాలకే 40 కిలోలకు చేరిందని ఎముకల అధ్యయనం చెబుతోంది. అంత వేగంగా పెరగకపోతే వేటాడే జంతువుల నోటికి చిక్కడమే. చాలామటుకు అలాగే చిక్కి ఉంటాయి కూడా, వందల గుడ్లు పెట్టడంలో లెక్క అదే.

ఉల్కతో వీటికి సంబంధం లేదు

కోటాసారస్‌ను, టైరనోసారస్‌ను ఒకే బొమ్మలో గీయడం పిల్లల పుస్తకాల్లో మామూలే. నిజానికి ఈ రెండింటి మధ్య 10 కోట్ల ఏళ్లకు పైగా ఎడం ఉంది. టైరనోసారస్‌కూ మనకూ మధ్య ఉన్నది 6.6 కోట్ల ఏళ్లు మాత్రమే. అంటే కాలంలో టైరనోసారస్‌కు కోటాసారస్ కంటే మనమే దగ్గర. డైనోసార్ల అంతానికి కారణమని చెప్పే ఉల్క మెక్సికో తీరంలో పడే నాటికి కోటాసారస్, బారాపాసారస్ అంతరించి చాలాకాలమైంది. ఆ సమయానికి ఇండియాలో ఉన్న సారోపాడ్లు టైటనోసార్లు. మహారాష్ట్రలోని డోంగర్‌గావ్‌లో దొరికిన ఇసిసారస్ వాటిలో ఒకటి. దాని పేరులోని మొదటి అక్షరాలు కోల్‌కతా సంస్థ ఇంగ్లిష్ పొట్టి పేరు ఐఎస్‌ఐ (ISI) నుంచి తీసుకున్నవి. దాన్ని 1997లో వర్ణించిన ఇద్దరిలో ఒకరైన జైన్, అంతకు 22 ఏళ్ల ముందు బారాపాసారస్‌కు పేరు పెట్టిన బృందంలోనూ ఉన్నారు.